తెగితే ఏమవుతుంది? స్ప్రింగ్ ఎంపికలో మొదటి ప్రశ్న

శ్రీ విజయపురంలో, అంటే నిన్నమొన్నటి పోర్ట్ బ్లెయిర్‌లో, ఫీనిక్స్ బే జెట్టీ ఎప్పుడూ సందడిగా ఉంటుంది. స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌లకు పడవలు బయలుదేరేది ఇక్కడి నుంచే. ఒక ఉదయం అద్దె స్కూటర్‌పై అక్కడికి వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు సైడ్ స్టాండ్‌ను కాలితో పైకి నెట్టాను. అది పైన నిలవలేదు. వేలాడుతూ కిందికి జారింది. వంగి చూస్తే దాని స్ప్రింగ్ తెగి ఉంది.

చిన్న విషయమే అనిపించవచ్చు. కానీ స్టాండ్ వేలాడుతుండగా బండిని ఎడమవైపు తిప్పితే అది రోడ్డుకు తగిలి మనిషిని కింద పడేస్తుంది. తెగిన ముక్కను చేతిలోకి తీసుకుని చూశాను. చుట్లన్నీ బాగానే ఉన్నాయి. విరిగింది చివరి కొక్కెం వంపు దగ్గర. అక్కడే ఎందుకు విరిగింది?

సాగే స్ప్రింగ్ ఎలా పనిచేస్తుంది?

సైడ్ స్టాండ్‌కు ఉండేది ఎక్స్‌టెన్షన్ స్ప్రింగ్, అంటే లాగితే సాగేది. దీని చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. తీగను చుట్టేటప్పుడే కొంత బిగువు అందులో ఉండిపోయేలా చేస్తారు. దీన్ని ముందస్తు బిగువు అనవచ్చు. లాగే బలం ఆ బిగువును దాటేదాకా చుట్లు విడిపోవు. దాటాక మాత్రం బలం పెరిగిన కొద్దీ సాగుదల అదే నిష్పత్తిలో పెరుగుతుంది. రాబర్ట్ హుక్ 1676లో అక్షరాలు తారుమారు చేసి దాచి, 1678లో విప్పి చెప్పిన నియమం ఇదే.

ఒక ఉదాహరణ చూద్దాం. ముందస్తు బిగువు 20 న్యూటన్లు, స్ప్రింగ్ స్థిరాంకం మిల్లీమీటరుకు 2 న్యూటన్లు అనుకుందాం. 30 మిల్లీమీటర్లు సాగదీయాలంటే 20కి 60 కలిపి మొత్తం 80 న్యూటన్లు కావాలి. అంటే దాదాపు 8 కిలోల బరువు.

స్ప్రింగ్ సాగుతుంటే చుట్లలోని తీగ నిజానికి సాగదు, మెలి తిరుగుతుంది. కొక్కెం దగ్గర సంగతి వేరు. అక్కడ తీగ మెలి తిరగడమే కాక వంగుతుంది కూడా. రెండు రకాల ప్రతిబలాలు ఒకే వంపు మీద పడతాయి. రోజూ లాగి వదిలే స్ప్రింగ్‌లో లోహపు అలసట తరచూ అక్కడే మొదలవుతుంది. అందుకే కొక్కెం వంపు మరీ ఇరుకుగా ఉండకూడదు, దానిపై గీతలు ఉండకూడదు.

ఉప్పుగాలి ఏం చేస్తుంది?

తీగ మందానికీ స్ప్రింగ్ గట్టిదనానికీ ఉన్న సంబంధం చాలా తీవ్రమైనది. మిగతా కొలతలు మారకపోతే గట్టిదనం మందం నాలుగో ఘాతంతో మారుతుంది. తుప్పు వల్ల 3 మిల్లీమీటర్ల తీగ 2.7కు తగ్గిందనుకోండి. మందం పోయింది పదో వంతే, కానీ గట్టిదనం దాదాపు మూడో వంతు పోతుంది. అదే బరువు మోస్తే తీగలో ప్రతిబలం సుమారు 37 శాతం పెరుగుతుంది. పైగా తుప్పు సమానంగా తినదు, గుంటలు చేస్తుంది. పగులు మొదలవడానికి ఒక్క గుంట చాలు.

సముద్ర తీరంలో మామూలు స్ప్రింగ్ తీగ కంటే స్టెయిన్‌లెస్ స్టీలు మేలు. అందులోనూ మాలిబ్డినం కలిసిన 316 రకం ఉప్పుగాలిని 304 కంటే బాగా తట్టుకుంటుంది. అయితే ఒక జాగ్రత్త. స్టెయిన్‌లెస్ స్టీలు దృఢతా గుణకం మామూలు స్ప్రింగ్ స్టీలు కంటే సుమారు ఎనిమిదో వంతు తక్కువ. కాబట్టి అదే కొలతలతో చేయించిన స్టెయిన్‌లెస్ స్ప్రింగ్ కాస్త మెత్తగా ఉంటుంది.

లాగితే కుదించుకునే స్ప్రింగ్

ఇప్పుడు జెట్టీ వైపు చూద్దాం. ఆటుపోట్లతో, అలలతో పడవ లేస్తూ దిగుతూ ఉంటుంది. కట్టిన తాడు ఒక్కసారిగా బిగుసుకుంటుంది. 2 టన్నుల చిన్న పడవ సెకనుకు అర మీటరు వేగంతో కదులుతోందంటే దాని గతిజ శక్తి 250 జౌళ్లు. దాన్ని 5 సెంటీమీటర్లలో ఆపితే తాడుపై సగటున 5000 న్యూటన్ల బలం పడుతుంది. 25 సెంటీమీటర్లలో ఆపితే 1000 మాత్రమే. ఆ దూరాన్ని ఇవ్వడానికే కొందరు తాడు మధ్యలో స్ప్రింగ్ పెడతారు.

అయితే ఇక్కడ సైడ్ స్టాండ్ తరహా స్ప్రింగ్ పెడితే? దాని కొక్కెం విరిగితే పడవ విడిపోతుంది. బిగువు మీదున్న తాడు కొరడాలా వెనక్కి తన్నుతుంది. దగ్గరున్న మనిషి ప్రాణానికే ముప్పు.

ఇలాంటి చోటికి సరిపోయేది డ్రాబార్ స్ప్రింగ్. ఇందులో ఉండేది కుదింపు స్ప్రింగ్. యు ఆకారంలో వంచిన రెండు కడ్డీలు దాని లోపలి నుంచి ఎదురెదురుగా వెళ్లి, ప్రతిదీ అవతలి చివర చుట్టును పట్టుకుంటుంది. బయట కనిపించే రెండు కొనలను లాగితే లోపలి స్ప్రింగ్ కుదించుకుంటుంది. బరువు మరీ ఎక్కువైతే చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని, ఇక కదలకుండా ఆగిపోతుంది. ఒకవేళ చుట్టు విరిగినా ముక్కలు కడ్డీల మధ్యే చిక్కుకుంటాయి, కాబట్టి బరువు సాధారణంగా జారి పడదు. అయితే కడ్డీలు, వాటిని తగిలించిన గొలుసులు కూడా అంత బలంగా ఉండాలన్నది మరవకూడదు.

ఇంటి వసారాలో ఉయ్యాల బల్లకు కూడా ఇదే తగినది. బల్ల, ఇద్దరు మనుషులు కలిసి 160 కిలోలైతే ఒక్కో స్ప్రింగ్‌పై 80 కిలోలు. కానీ మనం మెల్లగా కూర్చోం. బరువు ఒక్కసారిగా పడితే స్ప్రింగ్ క్షణకాలం రెట్టింపు బలం అనుభవిస్తుంది. అందుకే ఒక్కోటి కనీసం 160 కిలోలు తట్టుకునేలా చూడాలి. పిల్లలు ఊగుతూ దూకే ఇల్లయితే ఇంకా ఎక్కువే.

కొనే ముందు

- తెగితే ఏమవుతుంది? మనిషిపై పడేదో, మనిషిని మోసేదో అయితే డ్రాబార్. మూత మూయడానికో, మీటను వెనక్కి లాగడానికో అయితే ఎక్స్‌టెన్షన్ స్ప్రింగ్ చాలు. అది చిన్నది, చౌక కూడా.
- గరిష్ఠ బలం ఎంత? కుదుపును కలిపి లెక్కించండి.
- ఎంత దూరం సాగాలి? ఎక్స్‌టెన్షన్ స్ప్రింగ్‌కు తనంతట తాను ఆగే ఏర్పాటు లేదు. అవసరమైతే పక్కన గొలుసో ఆపుడు కడ్డీయో పెట్టాలి.
- ఎక్కడ వాడతారు? తీరంలోనైతే లోహం ఎంపికకూ, తరచూ తనిఖీకీ ప్రాధాన్యం ఇవ్వండి. చూడాల్సింది ముందుగా కొక్కేలను.

నా స్కూటర్‌కు ఆ రోజు మెకానిక్ కొత్త స్ప్రింగ్ వేశాడు. అదీ ఎక్స్‌టెన్షన్ స్ప్రింగే, ఎందుకంటే ఆ ఇరుకు చోటుకు తగినది అదే. కానీ అది తెగితే ఏమవుతుందో ఇప్పుడు తెలుసు కాబట్టి, బండి తీసే ప్రతిసారీ స్టాండ్ పైన నిలిచిందో లేదో ఒకసారి వంగి చూస్తున్నాను.