గంట ఎవరికోసం మోగాలి?



తరగతిలో "ఎవరైనా బోర్డు తుడవండి" అంటే నలభైమందీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఒకరిని పేరుపెట్టి పిలిస్తే వెంటనే లేచి వస్తారు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు.

హోసూరు, కోలారు వైపు నుండి బెంగుళూరు వెళ్ళి కంప్యూటరు ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలకు ఈ సామెత బాగా వర్తిస్తుంది. సంస్థల లెక్కలు, టికెట్లు, ఉత్తరాలు నడిపే పెద్ద కంప్యూటర్లను సర్వర్లంటారు. వాటిని రాత్రింబవళ్ళు కనిపెట్టి ఉండే సాఫ్ట్‌వేర్లు కొన్ని ఉన్నాయి. నాగియోస్ అందులో ఒకటి. 1999లో నెట్‌సెయింట్ పేరుతో వచ్చింది; 2002లో ఈ పేరు పెట్టుకుంది.

ఇది ఒక్కొక్క సర్వరునూ నియమిత వ్యవధిలో పరీక్షిస్తుంది. ఒక్కసారి తేడా కనిపించగానే గోల చేయదు. మనం నిర్ణయించినన్ని సార్లు మళ్ళీ చూసి, తప్పు నిజమేనని తేలాకే కబురు పంపుతుంది. అయితే ఎవరికి పంపాలి? అది యంత్రానికి తెలియదు. మనమే ముందుగా రాసిపెట్టాలి.

రాయవలసినవి మూడు. ఒకటి, ఏ యంత్రం ఏ బృందానిది. రెండు, ఏ వేళల్లో ఎవరికి కబురు వెళ్ళాలి. మూడు, వారు పలకకపోతే తరువాత ఎవరికి. ఉదాహరణకు, మొదటి రెండు కబుర్లు ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవారికి, మూడవది నుండి వారి పై అధికారికి కూడా వెళ్ళేలా ఏర్పాటు చేయవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మూడవదానికి అధికారి పేరొక్కటే రాస్తే, డ్యూటీలో ఉన్నవారికి ఆ కబురు అందదు. ఇద్దరి పేర్లూ రాయాలి.

కబురు అందుకున్నవారు "నేను చూస్తున్నాను" అని నమోదు చేస్తే, ఆ తప్పు గురించి మళ్ళీమళ్ళీ వచ్చే కబుర్లు ఆగుతాయి. మిగిలినవారు నిశ్చింతగా నిద్రపోవచ్చు.

మరి అన్ని కబుర్లూ అందరికీ పంపితే మంచిది కాదా? కాదు. అస్తమానం మోగే గంటను ఎవరూ వినిపించుకోరు. నిజమైన ప్రమాదం వచ్చిన రాత్రి కూడా, ఇంకెవరో చూస్తారులే అని అందరూ పడుకుంటారు. అలాగని ప్రతి రాత్రీ ఒక్కరినే లేపడం న్యాయం కాదు; వంతులు వేసుకోవాలి. ఉద్యోగం మానినవారి పేరు ఆ రోజే జాబితా నుండి తీసి, మరొకరి పేరు చేర్చాలి. లేకపోతే ఆ గంట ఖాళీ ఇంట్లో మోగినట్లే.

గంట కట్టడం యంత్రం పని. దాన్ని ఎవరు వినాలో నిర్ణయించడం మన పని. సెలవు.