పాత వీడియో గేమ్ కొంటున్నారా? ముందు స్లాట్ చూడండి!

జనగామ: చిన్నప్పటి మారియో, కాంట్రా క్యాసెట్లు ఇంకా ఇంట్లో ఉన్నాయా? వాటికోసం మళ్లీ వీడియో గేమ్ కొనాలంటే డబ్బా మీది బొమ్మ కాదు, స్లాట్ చూడాలి.

90ల్లో మనవాళ్లు ఆడిన లిటిల్ మాస్టర్ లాంటివి 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫామికామ్‌కు కాపీలే. వాటి క్యాసెట్‌కు 60 పిన్నులు. అమెరికాలో అమ్మిన ఎన్‌ఈఎస్‌కు 72. అందుకే ఖర్చుపెట్టి ఎన్‌ఈఎస్ తెప్పించినా మన క్యాసెట్ నేరుగా పట్టదు.

‘620 గేమ్స్’ అని అమ్మే చిన్న బాక్సుల్లో గేమ్స్ లోపలే ఉంటాయి, స్లాటే ఉండదు. క్యాసెట్లు లేనివాళ్లకు అది చాలు.

తుపాకీతో బాతుల్ని కొట్టే గేమ్ కావాలా? పాత డబ్బా టీవీ ఉండాల్సిందే. ఎల్‌ఈడీలో ఆ తుపాకీ పనిచేయదు.

సెకండ్ హ్యాండ్ అయితే మీ క్యాసెట్ పట్టుకెళ్లి, ఆడించి చూశాకే డబ్బులివ్వండి.