మట్టిబాటపై వాహనములోనికి ధూళి ఎట్లు చేరును?

శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి మీదుగా పోవు జాతీయ రహదారిని విడిచి సముద్రము వైపు తిరిగినచో ఉద్దానం ప్రాంతము వచ్చును. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల నడుమ సాగు దారులలో మట్టిబాటలు ఇంకను ఉన్నవి. టెక్కలి పరిసరములలోని గ్రానైటు క్వారీలకు పోవు బాటలును ఇట్టివే. వర్షములు ముగిసి నేల ఆరిన తరువాత, తిరిగి తొలకరి పడువరకు, ఈ దారులపై జీపు గాని వ్యాను గాని పోయినచో వెనుక ఎర్రని ధూళిమేఘము లేచును.

ఈ దారిన తిరుగువారందరు ఒక వింతను గమనించియుందురు. అద్దములన్నియు మూసికొని ప్రయాణము చేసినను, దిగునప్పటికి సీట్లపై పలుచని ధూళిపొర కనిపించును. అదియును ముందుభాగమున కంటె వెనుకభాగముననే హెచ్చు. వాహనము ముందుకు పోవుచుండగా ధూళి వెనుకనే నిలిచిపోవలెను గదా! అది వాహనమును వెన్నంటి లోనికి ఎట్లు రాగలుగుచున్నది? దీనికి సమాధానము తెలిసినచో ధూళిని ఆపు ఉపాయమును తెలియును. బడిపిల్లలు, గర్భిణులు, రోగులు ఈ బాటలపైననే ప్రయాణము చేయవలసియున్నది. కనుక ఇది బట్టల శుభ్రతకు మాత్రమే సంబంధించిన విషయము కాదు.

ధూళి స్వభావము

తూర్పు కనుమలలోని ఖోండలైటు, చార్నొకైటు మొదలగు శిలలు వేలకొలది సంవత్సరములు ఎండకు వానకు శిథిలమగుట వలన ఎర్రనేలలు ఏర్పడినవి. వీనిలోని ఇసుక రేణువులను బంకమన్ను పట్టియుంచును. తడి ఉన్నంతవరకే ఈ పట్టు. తడి ఆరిన పిమ్మట మట్టి చక్రముల క్రింద నలిగి మెత్తని పొడి యగును.

ఈ పొడిలో అన్ని పరిమాణముల రేణువులును ఉండును. మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాను అందురు. 100 మైక్రానుల ఇసుక రేణువు రెండు మీటర్ల ఎత్తునుండి కొద్ది సెకనులలోనే నేలను చేరును. 10 మైక్రానుల రేణువునకు నిశ్చలమైన గాలిలో సుమారు 4 నిమిషములు పట్టును. ఒక మైక్రాను రేణువునకు దాదాపు 7 గంటలు కావలెను! శాస్త్రజ్ఞుడు స్టోక్స్ 1851లో ప్రకటించిన సూత్రము ప్రకారము, ఇంత చిన్న రేణువులలో వ్యాసము పదవ వంతైనచో పడు వేగము నూరవ వంతగును. అందుచేతనే ముందు బండి కనుమరుగైన తరువాతను దాని ధూళి దారిపై తేలుచుండును.

ఆరోగ్యమునకు హాని చేయునవియు ఈ సన్నని రేణువులే. పెద్దవానిలో అధికభాగమును ముక్కు, గొంతు అడ్డగించును. 10 మైక్రానుల కంటె చిన్నవి శ్వాసనాళములలోనికి, అంతకంటె సన్ననివి ఊపిరితిత్తుల లోతులకును పోగలవు.

వాహనము చుట్టును పీడనము

వాహనము పోవునప్పుడు దాని ముందుభాగము గాలిని నెట్టును. అచట పీడనము హెచ్చును. గాలి పక్కలకు, పైకప్పు మీదికి తప్పుకొని వేగముగా జారిపోవును. గాలి వేగము హెచ్చినచోట పీడనము తగ్గునని బెర్నూలీ 1738లో తన గ్రంథమున వివరించెను. కనుక ముందుతలుపుల అంచుల వద్ద, కప్పు అంచున పీడనము మిక్కిలి తక్కువ. ఇక వెనుక, వాహనపు గోడ హఠాత్తుగా ముగియును. గాలి ఆ మలుపు తిరుగలేక విడిపోయి, సుడులు తిరుగుచు వెనుక తలుపు వైపునకు మరలివచ్చును. చక్రములు లేపిన ధూళి ఈ సుడులలో చిక్కుకొని వాహనముతో కూడ ప్రయాణము చేయును.

దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. పోస్టుకార్డు వంటి అట్టను నిలువుగా పట్టుకొని, దాని వెనుక నాలుగైదు సెంటీమీటర్ల దూరమున వెలుగుచున్న కొవ్వొత్తిని ఉంచవలెను. అట్ట ముందువైపున గట్టిగా ఊదినచో జ్వాల దూరముగా వంగక అట్టవైపునకే వంగును. వెనుక గాలి మరలివచ్చుచున్నదనుటకు ఇది నిదర్శనము. అట్ట వాహనపు వెనుక తలుపు వంటిది. జ్వాల ఉన్న తావే ధూళి సుడుల తావు.

ఇప్పుడు లోపలి సంగతి చూతము. తలుపుల పైఅంచులలోని సందుల ద్వారా, లేక కొద్దిగా తెరచిన పక్క అద్దము ద్వారా లోపలి గాలి బయటికి లాగబడును. లోపల పీడనము తగ్గును. ఆ లోటును తీర్చుటకు మరియొకచోటునుండి గాలి లోనికి రావలెను. అది వెనుక తలుపు సందులనుండి, అడుగున తీగెలు, గేరుకడ్డీ దూరు రంధ్రములనుండి వచ్చును. ఆ గాలియే ధూళితో నిండినది!

ఇది ఎంత బలమైనదో లెక్క చూడవచ్చును. గంటకు 36 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 10 మీటర్లు. ఆ వేగమున ఎదురుగాలి కలిగించు పీడనము సుమారు 60 పాస్కళ్లు, అనగా 6 మిల్లీమీటర్ల ఎత్తు నీటి పీడనము. వెనుకభాగమునకు, లోపలికి మధ్య ఇందులో ఐదవ వంతు భేదమే ఉన్నదనుకొందము. మీటరు పొడవు, రెండు మిల్లీమీటర్ల వెడల్పు గల సందులోనుండి సెకనుకు సుమారు 5 లీటర్ల గాలి లోనికి దూరును. వాహనములోని ఖాళీ 3 ఘనమీటర్లైనచో అందు నిండునంత ధూళిగాలి పది నిమిషములలో ప్రవేశించును. వేగము రెట్టింపైనచో పీడనము నాలుగు రెట్లగును.

నివారణోపాయములు

దీనినిబట్టి ఒక ముఖ్యసూత్రము తేలుచున్నది. సందులను ఎంత పూడ్చినను కొన్ని మిగిలియే తీరును. కాని లోపలి పీడనమును బయటికంటె కొంచెము హెచ్చుగా ఉంచినచో ప్రతి సందునుండియు గాలి బయటికే పోవును. ధూళి లోనికి రాజాలదు. ఆసుపత్రులలో శస్త్రచికిత్స గదులను సూక్ష్మజీవులనుండి కాపాడుటకు పాటించు పద్ధతియు ఇదియే.

ఫ్యాను, వడపోత గల వాహనములలో అద్దములన్నియు మూసి, బయటి గాలిని లోనికి తీసికొను మీటను తెరచి, ఫ్యానును గట్టిగా తిప్పవలెను. ధూళికి వెరచి ఆ మీటను మూసి లోపలి గాలినే త్రిప్పుకొనుట పలువురికి అలవాటు. ఎదుటి లారీ ధూళిమేఘమును దాటు కొద్దిసేపు అది మంచిదే. కాని దారి పొడుగునను అట్లే ఉంచినచో లోపల పీడనము ఏర్పడదు. వెనుక సందులనుండి ధూళి వచ్చుచునే యుండును. వడపోత కాగితము మట్టితో నిండిపోయినను గాలి రాక తగ్గి ఇదే ఫలితము కలుగును.

ఫ్యాను లేని పాత జీపులలో ముందువైపు గాలిద్వారములను తెరచి, వెనుక కాన్వాసు తెరను దించి గట్టిగా కట్టవలెను. ముందు మూసి వెనుక తెరచుట ధూళిని పిలుచుటయే.

తలుపుల రబ్బరు పట్టీలను పరీక్షించుటకు సుద్దముక్క చాలును. పట్టీపై సుద్ద రాసి తలుపు మూసి తెరచినచో చట్రముపై తెల్లని గీత పడవలెను. గీత తెగినచోట సందున్నదని అర్థము. అడుగున తీగెలు దూరు రంధ్రములకు రబ్బరు బిరడాలు బిగించవలెను. అయితే తలుపుల అడుగు అంచున నీరు కారిపోవుటకు ఉంచిన చిన్న రంధ్రములను ఎన్నడును మూయరాదు. ఉద్దానం వంటి తీరప్రాంతమున ఉప్పుగాలి తగులుచుండును; నీరు నిలిచినచో ఇనుము త్వరగా తుప్పుపట్టును.

ఇంజను ఊపిరి

మనుష్యుని వలె ఇంజనుకును గాలి కావలెను. ఒక లీటరు పెట్రోలు మండుటకు సుమారు 9,000 లీటర్ల గాలి అవసరము. మట్టిలోని పలుగురాతి రేణువులు మోస్ కాఠిన్యమానముపై 7వ స్థానము గలవి. మామూలు ఇనుము కంటె కఠినమైనవి. ఇవి సిలిండరులోనికి పోయినచో దాని గోడలను ఆకురాయి వలె అరగదీయును. 1941నుండి తయారైన విల్లీస్ జీపులో గాలిని నూనెతొట్టి మీదుగా మలుపు త్రిప్పి లోనికి పంపెడివారు. బరువైన రేణువులు మలుపు తిరుగలేక నూనెలో చిక్కుకొనెడివి. నేడు ఆ పనిని కాగితపు వడపోతలు చేయుచున్నవి. మట్టిబాటలపై తిరుగు వాహనములలో వీనిని మామూలుకంటె తరచుగా చూచి మార్చవలెను.

బాటపైని వారు

వాహనమును ఎంత భద్రముగా మూసికొన్నను అది లేపిన ధూళి మాయమైపోదు. నడచిపోవు పిల్లలు, సైకిలుపై పోవువారు, తోటలలో పనిచేయు కూలీలు దానిని పీల్చుదురు. రాతిపొడి పడిన క్వారీ బాటలపై ఈ ధూళిలో పలుగురాతి పొడియు కలియును. సన్నని పలుగురాతి పొడిని ఏండ్ల తరబడి పీల్చిన క్వారీ పనివారికి సిలికోసిస్ అను నయముకాని ఊపిరితిత్తుల వ్యాధి వచ్చుచున్నది.

దారిపై నీరు చల్లుట ధూళిని అణచును గాని ఎండకు త్వరలో ఆరిపోవును. కొన్ని దేశములలో గాలిలోని తేమను పీల్చుకొను మెగ్నీషియం క్లోరైడు ద్రావణమును చల్లుదురు. టెక్కలికి సమీపమున నౌపడలో వలె సముద్రజలమునుండి ఉప్పు తీసిన పిమ్మట మిగులు చేదునీటిలో ఈ లవణమే ఉండును. కాని ఇది పక్కనున్న తోటల నేలకు, బండ్ల ఇనుమునకు హాని చేయగలదు. కనుక పరీక్షించి గాని వాడరాదు.

ఖర్చు లేని ఉపాయము ఒక్కటే: వేగము తగ్గించుట. నెమ్మదిగా పోవు బండి తక్కువ ధూళిని లేపును, తక్కువ ధూళిని లోనికి లాగును. ఊరి పొలిమేరలోను, బడి విడుచు వేళలోను ఈ ఒక్క నియమమును పాటించినచో బండిలోనివారికిని బాటపైని వారికిని సమానముగా మేలు కలుగును.