పుట్టబోయే బిడ్డ జన్యువులను మార్చవచ్చా?

2018 నవంబరులో చైనా శాస్త్రవేత్త హే జియాన్‌కుయ్ ఒక ప్రకటనతో లోకాన్ని ఉలిక్కిపడేలా చేశారు. పిండదశలోనే జన్యువులు మార్చిన కవల ఆడపిల్లలు పుట్టారన్నారు. తండ్రికి హెచ్‌ఐవి ఉంది. పిల్లలకు ఆ వైరస్ ఎన్నడూ సోకకూడదని సీసీఆర్5 అనే జన్యువును క్రిస్పర్ పద్ధతిలో మార్చారట.

ఉద్దేశం మంచిదే కదా అనిపిస్తుంది. కానీ తండ్రి నుంచి బిడ్డకు హెచ్‌ఐవి రాకుండా వీర్యాన్ని శుద్ధిచేసే పద్ధతి అప్పటికే ఉంది. అవసరం లేని చోట పసిబిడ్డలపై ప్రయోగం జరిగింది. 2019 డిసెంబరులో అక్కడి కోర్టు ఆయనకు 3 ఏళ్ల జైలుశిక్ష వేసింది.

అలాగని జన్యుచికిత్స అంతా తప్పు కాదు. 2023లో బ్రిటన్, అమెరికా దేశాలు సికిల్‌సెల్ జబ్బుకు క్రిస్పర్ చికిత్సను అనుమతించాయి. రోగి రక్త మూలకణాలను బయటికి తీసి, సరిచేసి, మళ్లీ ఎక్కిస్తారు. ఆ మార్పు ఆ రోగితోనే ఆగిపోతుంది. పిండంలో చేసిన మార్పు మాత్రం మనుమలకూ మునిమనుమలకూ దిగవచ్చు. పొరపాటు జరిగితే దిద్దే దారి లేదు. పుట్టని వారి అనుమతి అడగనూ లేం.

ఈ తేడానే మేము తరగతిలో పిల్లలకు చెబుతున్నాం. రోగి బాధ తీర్చే విజ్ఞానాన్ని మనం ఆదరించాలి. రాబోయే తరాల మీద ప్రయోగం చేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు.