అభ్యాస పరీక్ష - అసలు పరీక్ష

భారతంలో ద్రోణాచార్యుడు శిష్యుల ఏకాగ్రతను పరీక్షింపదలచి, చెట్టుకొమ్మపై కృత్రిమ పక్షిని నిలిపి దాని తలను గురిచూడమన్నాడు. పక్షి తల తప్ప మరేమీ కనిపించడం లేదన్న అర్జునుడే అందులో నెగ్గాడు. తరువాత ద్రుపదుని సభలో మత్స్యయంత్రాన్ని ఛేదించినవాడూ అతడే. నేటి విద్యార్థి ఇంటివద్ద రాసే అభ్యాస పరీక్ష కూడా, అసలు పరీక్షలో రాబోయే మార్కులను ఇంత నమ్మకంగా సూచించగలదా?

అమెరికాలో ఉన్నత విద్యను కోరే పట్టభద్రులు రాసే జి.ఆర్.ఇ. ఇందుకు తగిన ఉదాహరణ. 2020 తరువాత అనేక విశ్వవిద్యాలయాలు దీనిని తప్పనిసరి కాదన్నప్పటికీ, తెలుగునాట దీనికి సిద్ధపడేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇ.టి.ఎస్. సంస్థ నిర్వహించే ఈ పరీక్షలో భాషకు, గణితానికి విడివిడిగా 130 నుండి 170 వరకు మార్కులు ఇస్తారు. వ్యాసరచనను వేరుగా లెక్కిస్తారు.

అసలు పరీక్ష కూడా లోపంలేని తూనిక కాదని మొదట గ్రహించాలి. ఒకే అభ్యర్థి అదే సామర్థ్యంతో రెండు వేర్వేరు రోజులలో రాసినా, ఒక్కొక్క విభాగంలో రెండు మూడు మార్కుల తేడా రావడం సహజం. కనుక అభ్యాస పరీక్షలో వచ్చిన 160ని ఒక అంకెగా కాక, దానికి అటూ ఇటూ ఉన్న కొంత పరిధిగా భావించడం ఉచితం.

ఆ మాత్రపు సూచనకైనా విలువ ఉండాలంటే అభ్యాస పరీక్ష అసలు పరీక్షను పోలి ఉండాలి. నిర్వాహక సంస్థే ‘పవర్‌ప్రెప్’ పేరుతో రెండు పరీక్షలను ఉచితంగా అందిస్తున్నది. అన్నింటికంటె విశ్వసనీయమైనవి ఇవే. శిక్షణ సంస్థల పరీక్షలలో మార్కుల కొలబద్ద ఆయా సంస్థలు కల్పించుకొన్నది. ఇక కోఠీ పాత పుస్తకాల దుకాణంలో దొరికిన సంపుటం 2011 ఆగస్టుకు ముందుదైతే, అందులో 200 నుండి 800 వరకు ఉండిన నాటి మార్కుల పద్ధతి, తరువాత తొలగించిన వ్యతిరేక పదాల ప్రశ్నలు కనిపిస్తాయి. అది పదసంపదను పెంచుతుంది గాని, మార్కులను అంచనా కట్టదు.

పరీక్ష మంచిదైనా, రాసే తీరు దాని విలువను చెరపవచ్చు. 2023 సెప్టెంబరు నుండి ఈ పరీక్ష నిడివి 1 గంట 58 నిమిషాలు. నడుమ విరామం లేదు. గడియారాన్ని ఆపి, కాఫీ తాగి వచ్చి పూర్తిచేసిన పరీక్ష దీనికి సాటిరాదు. ఒకే ప్రశ్నపత్రాన్ని రెండవసారి రాస్తే తేలేది జ్ఞాపకశక్తి మాత్రమే. ఒక విద్యార్థికి ఐదు పరీక్షలలో వరుసగా 158, 161, 157, 163, 161 వచ్చాయనుకొందాం. సగటు 160. అతడు 163ను మాత్రమే తలచుకొని విశ్వవిద్యాలయాలను ఎంచుకొంటే, అప్పుచేసి దరఖాస్తు రుసుములు కట్టిన తల్లిదండ్రులకు ఆశాభంగం కలగవచ్చు. అయితే నెలల తరబడి చదువు సాగినప్పుడు తొలినాటి మార్కుల కంటె చివరివాటికే ప్రాధాన్యం ఇవ్వాలి.

మార్కులు చెప్పని విషయం మరొకటి ఉంది. భాషలోను, గణితంలోను రెండేసి భాగాలుంటాయి. మొదటి భాగంలో అభ్యర్థి చూపిన ప్రతిభను బట్టి కంప్యూటరు రెండవ భాగపు కాఠిన్యాన్ని నిర్ణయిస్తుంది. అనగా రెండవ భాగం కఠినంగా తోచడం చాలాసార్లు శుభసూచకమే! కాగితంపై మాత్రమే అభ్యసించినవారికి ఇది అనుభవంలోకి రాదు. పరీక్ష ముగియగానే, మార్కులు చూడకముందే, వాటిని స్వీకరించాలో రద్దు చేయాలో అభ్యర్థి నిర్ణయించుకోవాలి. కఠినంగా ఉన్నదన్న బెదురుతో రద్దు చేసినవారికి కట్టిన రుసుము తిరిగిరాదు. మరల రాయడానికి 21 రోజులు ఆగవలసి ఉంటుంది.