పలకని అక్షరం ఎందుకు రాయాలి?

మైలవరం బస్సు బోర్డు ఇంగ్లీషులో ఎప్పుడైనా చూశారా? "ఎం" పక్కన "వై" ఉంటుంది. అక్కడ దాన్ని "ఐ" అని పలుకుతాం. "యెస్"లో అదే "య", "బేబీ"లో అదే "ఈ". ఒక్క అక్షరానికి మూడు వేషాలు!

మరి పిల్లవాడు "నైఫ్" అన్న మాటను "ఎన్"తో మొదలెట్టి రాస్తే తప్పెవరిది? ముందు "కె" లేదని బళ్ళో సున్నా వేస్తారు. "పలకని అక్షరం ఎందుకమ్మా?" అని వాడడిగితే మనకి జవాబు తోచక కసురుకుంటాం.

జవాబుంది. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు ఆ "కె"ని పలికేవారు. 1476లో కాక్స్టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చు పెరిగినకొద్దీ రాత కుదురుకుంది, పలుకుబడి మాత్రం మారుతూనే పోయింది. "డెట్", అనగా అప్పు, అనే మాటలో "బి" మరో తమాషా. అది మొదట రాతలోనే లేదు. లాటిన్ మూలం గుర్తుండాలని పండితులు తగిలించారు.

మన తెలుగు మాత్రం? "చాప", "చెట్టు" పలికి చూడండి. రాసే "చ" ఒకటే, పలికేది రెండు రకాలు. పుట్టింది మొదలు వింటున్నాం గనక మనకి తట్టదు, అంతే.

అంచేత పిల్లవాణ్ణి మొద్దు అనకండి. విన్నట్టు రాశాడంటే వాడి చెవి బాగున్నట్టే గదా! ఇలాంటి మాటలు ఏరి, పాత క్యాలెండరు వెనక రాసి వంటింట్లో తగిలించండి. రోజుకి రెండు చాలు. వాడితోపాటు మీరూ నేర్చుకోండి. "నాకూ తెలీదు నాన్నా, చూద్దాం పద" అనడంలో చిన్నతనమేమీ లేదు.