ఈ స్టార్ టీవీ వేరు!

చీపురుపల్లి దగ్గరో, పాలకొండ దగ్గరో ఊరి చివర డేరా వేసిన టూరింగ్ టాకీసులో నేల టికెట్టు మీద సినిమా చూసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఒకసారి కదిలించి చూడండి. కథ మర్చిపోయినా ప్రొజెక్టరు చప్పుడు మాత్రం మర్చిపోరు. టకటకటక... ఆ యంత్రంలో ఓ రెక్క తిరుగుతుండేది. ఫిల్ము సెకనుకి 24 బొమ్మల చొప్పున కదులుతుంది. ఒక బొమ్మ పోయి ఇంకోటి వచ్చే సందులో వెలుతురు తెర మీద పడకుండా ఆ రెక్క అడ్డుకుంటుంది. అలా సెకనుకి 24 సార్లే చీకటి పడితే తెర మిణుకు మిణుకుమంటుంది. అందుకని బొమ్మ నిలిచి ఉన్నప్పుడు కూడా ఇంకోసారి అడ్డం వచ్చేలా రెక్కని చేశారు. చీకటి 48 సార్లయింది... మిణుకు తగ్గింది! విడ్డూరంగా ఉన్నా నిజం. వెలుగూ చీకటీ ఎంత వేగంగా మారితే మన కన్ను అంత సులువుగా మోసపోతుంది.

సరిగ్గా ఇదే తంటా తొలితరం ఇంటి కంప్యూటర్లకీ వచ్చింది. దానికి విరుగుడు కొత్త తెరలో కాదు, కీబోర్డు మీద కొట్టే ఒక్క ముక్కలో దొరికింది.

ఊగే అక్షరాలు

బ్రిటన్‌లో ఎకార్న్ కంపెనీ బీబీసీ కోసం తయారుచేసిన 'బీబీసీ మైక్రో' 1981 డిసెంబరులో వచ్చింది. మన దేశంలో బడిపిల్లలకి కంప్యూటర్ నేర్పాలని 1984లో 'క్లాస్' పథకం మొదలైనప్పుడు ఎంచుకున్నదీ దాన్నే. తొలివిడతలో దేశం మొత్తమ్మీద 250 స్కూళ్లు. ఆ లెక్కన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామంది పిల్లలకి అది పేపర్లో చదివే వింతే. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ ఈ యంత్రాన్నే 'యూనికార్న్' పేరుతో ఇక్కడ తయారుచేసింది. మోడల్-బి రకంలో జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు.

దీనికి తెర అంటే మామూలు టీవీ, లేదంటే టీవీ లాంటి గాజు మానిటరు. టీవీ బొమ్మ 625 గీతల పని. ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు... ఒక్కో విడతకి సెకనులో 50వ వంతు. సినిమాకీ వార్తలకీ ఈ ఏర్పాటు బాగానే ఉంటుంది. బీబీసీ మైక్రో మాత్రం చాలా మోడ్‌లలో రెండు విడతల్లోనూ ఒకే బొమ్మని పంపేది. రెండోసారి అది అర గీత కిందికి జరిగి పడేది. ఇంకేముంది... అక్షరాలు సెకనుకి పాతికసార్లు పైకీ కిందికీ ఊగడం! వసారాలో పది అడుగుల దూరాన కూర్చుని టీవీ చూసేవాళ్లకి ఇది తెలీదు. మూరెడు దూరంలో కూర్చుని అక్షరం అక్షరం చదివే పిల్లాడికి తలనొప్పి ఖాయం. తప్పు వాడి కళ్లది అనుకుంటే మాత్రం పొరపాటే.

విరుగుడు ఏమిటంటే... నక్షత్రం గుర్తు కొట్టి, పక్కనే టీవీ అని రాసి, సున్నా, కామా, ఒకటి. అంతే. పైకి చదివితే 'స్టార్ టీవీ'! మన ఇళ్లకి డిష్షుల్లోంచి దిగిన స్టార్ టీవీ 1991 నాటిది, ఇది అంతకంటే పెద్దది. మొదటి అంకె బొమ్మ మొత్తాన్ని తెర మీద పైకో కిందికో జరపడానికి. రెండోది ఒకటైతే సరి-బేసి ఆట బంద్. ఆ తర్వాత మోడ్ మార్చగానే అక్షరాలు బుద్ధిగా నిలబడతాయి. ఏడో మోడ్ ఒక్కటే ఈ మాట వినదు. అందులో అక్షరాల వంపుల్ని రెండు విడతల గీతలూ కలిసి తీర్చిదిద్దుతాయి మరి.

తెర దించి మార్చు

అక్షరాలు కుదురుకున్నాయి. ఆటల సంగతో? బంతి కదలాలంటే పాతచోట చెరపాలి, కొత్తచోట గీయాలి. చెరిపాక గీసేలోపు మానిటరు తన పని తాను చేసుకుపోతే, ఆ క్షణం తెర మీద బంతే ఉండదు. మళ్లీ మిణుకు.

'కన్యాశుల్కం' 1892లో తొలిసారి ఆడిన విజయనగరంలో ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. రంగం మార్చాలంటే తెర దించాలి. మానిటర్లోనూ బొమ్మ అడుగు దాకా గీశాక కిరణం మళ్లీ పైకి వెళ్లే కాసేపు తెర దించినట్టే లెక్క. 'స్టార్ ఎఫ్ఎక్స్ 19' అని ప్రోగ్రాములో రాస్తే కంప్యూటర్ ఆ సమయం వచ్చేదాకా ఆగి, అప్పుడు బంతిని జరుపుతుంది.

బొమ్మ పెద్దదైతే ఆ వ్యవధి చాలదు. రెండు పేజీలు పెట్టుకుని ఒకటి చూపిస్తూ రెండోది చాటున గీద్దామా అంటే, కొన్ని మోడ్‌లలో ఒక్క తెరకే 20 కిలోబైట్లు పోతాయి. ఉన్నదే 32! అప్పుడు రంగుల కిటుకు పట్టారు. కొత్త బొమ్మని నలుపు మీద నలుపుగా గీస్తారు. ఎవరికీ కనపడదు. అంతా పూర్తయ్యాక ఆ నలుపుని ఒక్క దెబ్బతో తెలుపుగా, పాత బొమ్మ తెలుపుని నలుపుగా మార్చేస్తారు. కాసులేని సంసారంలోనే ఇలాంటి ఉపాయాలు పుడతాయి.

ఇల్లు ఖాళీ చెయ్యకుండా...

ఇదే యంత్రం మీద 1984లో 'ఎలైట్' అనే అంతరిక్ష నౌకల ఆట వచ్చింది. రాసినవాళ్లు కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న డేవిడ్ బ్రేబెన్, ఇయన్ బెల్. గీతలతో గీసిన నౌకలు తెర మీద గింగిరాలు తిరుగుతుంటే జనం నోళ్లు వెళ్లబెట్టారు. కానీ పాత నౌకని మొత్తం చెరిపి, తర్వాత కొత్తది గీసేవారు. నౌక దగ్గరికొచ్చి పెద్దదయ్యే కొద్దీ రెపరెపలాడేది. 1986లో వచ్చిన 'బీబీసీ మాస్టర్' కోసం చేసిన ఎలైట్‌లో పద్ధతి మార్చారు. ఒక పాత గీత చెరపడం, వెంటనే ఒక కొత్త గీత గీయడం. నౌక ఏ క్షణానా పూర్తిగా మాయం కాదు.

మన పల్లెల్లో తాటాకింటి కప్పు మార్చినట్టన్నమాట. మొత్తం పీకేస్తే ఇంటిల్లిపాదీ వీధిలో పడతారు. ఒక వరస తీసి ఒక వరస వేస్తూ పోతే లోపల పొయ్యి మీద అన్నం ఉడుకుతూనే ఉంటుంది.

అసలు వింత ఇప్పుడు వినండి. మార్క్ మాక్సన్ అనే బ్రిటిష్ ప్రోగ్రామరు ఎలైట్ లోపలి రాతనంతా వరసవరసగా విప్పి చూసి, మాస్టర్‌లోని ఈ పద్ధతిని వెనక్కి తీసుకెళ్లి పాత బీబీసీ మైక్రో ఆటలో అమర్చారు. ఆట వచ్చిన మూడు దశాబ్దాలు దాటాక! యంత్రం అదే, వేగం అదే, ఆ 32 కిలోబైట్లే... రెపరెప మాత్రం పోయింది.

ఎనభై ఐదు కథ

2000 తర్వాత శ్రీకాకుళం, విజయనగరం వీధుల్లో నెట్ సెంటర్లు వెలిశాయి. పరీక్షా ఫలితాల కోసం కిటకిటలాడిన ఆ గదుల్లో గాజు మానిటర్లు చాలావాటిని విండోస్ ఎలా ఇచ్చిందో అలాగే, సెకనుకి 60 సార్ల దగ్గర వదిలేసేవారు. పైన ట్యూబులైటు, ఎదురుగా మిణుకు తెర. డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి రిఫ్రెష్ రేటుని 75కో 85కో మారిస్తే ఖర్చు లేకుండానే కళ్లకి హాయి. కంటికి హాని చేయని మానిటర్ల కోసం స్వీడన్‌లో రూపొందిన టీసీవో ప్రమాణాలు అడిగిందీ 85నే. తెలిసిన కుర్రాళ్లు కూర్చోగానే ముందు ఆ పని చేసేవారు. మానిటరు తట్టుకోలేని అంకె నొక్కితే మాత్రం తెర నల్లబడిపోయేది. అప్పుడు కౌంటరు దగ్గర్నుంచి ఓనరు పరిగెత్తుకొచ్చేవాడు.

ఎల్‌సీడీ తెరలొచ్చాక బొమ్మ మారేదాకా అలాగే నిలిచి ఉంటుంది కాబట్టి ఆ ఊగడం లేదు. స్టార్ టీవీ సున్నా కామా ఒకటి కొట్టి తేడా చూడాలంటే పాత గాజు తెరే వెతుక్కోవాలి. అటక మీద ఉంటే, దించేటప్పుడు ఇద్దరు పట్టుకోండి. చాలా బరువు.